పన్ను చూసి పేరివ్వండి

ఈ వారం చింతచిగురు పొడి గురించి చెబుతానని మాటిచ్చాను. కానీ ఈలోగా గిద్దలూరు వైపు పల్లె నుంచి ఒక చెల్లెలి ఉత్తరం వచ్చింది. చింతచిగురు పొడి ఇంకో వారం ఆగుతుంది గానీ ఉగాది తిరునాళ్ళ ఆగదు కదా! అందుకని ముందు ఆ అమ్మాయి సంగతి చూద్దాం.

"అక్కా, మా కోడెలకి నాలుగు పళ్ళు. పక్క ఊళ్ళో బండలాగుడు పెడుతున్నారు. మా ఆయన ఈ ఏడు కట్టి తీరాలంటున్నాడు. మా అత్త ఒద్దంటోంది. నేనేమనాలో తెలవడం లేదు. పొద్దున్నే మేత వేసేది నేను, కుడితి పెట్టేది నేను. అడిగేవాళ్ళు మాత్రం ఎవరూ లేరు" అని రాసింది.

ఆ చివరి మాట చదివి నాకు నవ్వూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఎందుకంటే మూడేళ్ళ కిందట మా ఇంట్లోనూ అచ్చం ఇదే కథ. చెల్లెమ్మా, నీకు జవాబు చెప్పే ముందు నా కథ చెబుతాను. దీన్నిబట్టి కట్టాలో వద్దో మీరే తేల్చుకోవచ్చు.

అప్పుడు మా కోడెలకి కూడా నాలుగేసి పళ్ళు. తెల్లగా పాలనురుగులా ఉండేవి. సమితివాళ్ళ కరపత్రం ఇంటికొచ్చింది. పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆ పైన పెద్దవి. విభాగం పెరిగేకొద్దీ బండ బరువూ పెరుగుతుంది, బహుమతీ పెరుగుతుంది. ఆరు పళ్ళ విభాగంలో మొదటి బహుమతి మోటారు సైకిలు. మావారి కళ్ళు దాని మీద పడ్డాయి.

"దాపటిదానికి ఆరో పన్ను కదులుతోంది. ఎట్టాగూ నెల తిరిగేసరికి ఆరు పళ్ళదే అవుతుంది. ఆరులోనే కడదాం" అన్నారు.

పన్ను కదులుతున్న మాట నిజమే. అది ఆయన కంటే ముందు నాకే తెలుసు. వారం రోజులుగా దాపటెద్దు చొప్పని ఒక పక్కనే నములుతోంది. తొట్టిలో చెక్క సగం మిగులుస్తోంది. నోరు నొప్పి పుడుతోంది దానికి. తిండి తగ్గిన పశువు చేత బరువు లాగిస్తారా అని నాలిక చివరిదాకా వచ్చింది. "ఆడదానికి ఎడ్ల సంగతేం తెలుసు" అంటారని నోరు మూసుకున్నాను.

పందెం రోజున నేను ఇంట్లోనే ఉన్నాను. మధ్యాహ్నం మా చిన్నాడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. నాలుగో మలుపు దగ్గర దాపటెద్దు ముందు కాళ్ళ మీద కూలబడిందట. లేపి మళ్ళీ లాగించారట. సాయంత్రం బండి మీద ఎక్కించుకొచ్చేసరికి దాని కుడి జబ్బ వాచిపోయి, కాలు నేల మోపలేకపోయింది. మూడు నెలలు కొట్టంలోనే ఉంది. తొలకరి పడ్డాక దుక్కికి ట్రాక్టరు పిలవాల్సొచ్చింది. ప్రవేశ రుసుము, వాహనం బాడుగ, వైద్యం, ట్రాక్టరు కూలి అన్నీ కూడితే 28 వేలు తేలింది. డబ్బు పోతే పోయింది. ఆ మూగజీవం నన్ను చూసి మెడ చాచినప్పుడల్లా, తెలిసి కూడా చెప్పలేదే అని నాకు తల ఎత్తబుద్ధి అయ్యేది కాదు.

ఇది విని ఎడ్లని అసలు కట్టొద్దంటున్నాననుకునేరు. నేను అట్టా అనడం లేదు. మన వైపు పొలం పని చాలావరకు ట్రాక్టరుకి పోయింది. ఇంకా కొందరు అంత ఖర్చు పెట్టి ఒంగోలు కోడెల్ని సాకుతున్నారంటే, అందులో ఈ తిరునాళ్ళ పోటీల మీద మోజూ ఒక కారణం. మన దగ్గర నుంచే నెల్లూరు పేరుతో బ్రెజిల్ వెళ్ళిన ఈ జాతి అక్కడ లక్షల్లో, కోట్లలో పెరిగింది. 2023లో అక్కడ ఒక నెల్లూరు ఆవులో మూడో వంతు వాటాని వేలం వేస్తే, దాన్నిబట్టి మొత్తం ఆవు విలువ 40 లక్షల డాలర్లు దాటిందని లెక్కగట్టారు. పుట్టినింట మాత్రం గిత్తని చూడాలంటే తిరునాళ్ళకి పోవాల్సిన రోజులొచ్చాయి. కాబట్టి పోటీ ఉండాల్సిందే. అయితే ఏ జతని ఏ విభాగంలో కడుతున్నామన్నదే అసలు సంగతి.

ఇది మన ఒక్కళ్ళ గొడవే కాదండోయ్. అమెరికా పల్లెల్లో పశువుల్ని మేపే గుర్రాలకి చిన్న చిన్న పోటీలు పెడతారు. ఆ గుర్రం రోజూ చేసే పనే అక్కడ చూస్తారు. నెమ్మదిగా నడుస్తుందా, చెప్పినచోట ఆగుతుందా, వెనక్కి తిరుగుతుందా, అంతే. వెండి నగిషీలకీ, గిట్టలకి పూసిన నల్లరంగుకీ మార్కులుండవు సరికదా, అవి లేకపోవడమే మర్యాద. కొత్తగా వచ్చినవాళ్ళకీ, పసి గుర్రాలకీ వేరే తరగతులు పెట్టే చోట్లున్నాయి. మొదటిసారి వచ్చినవాళ్ళు తమకి తగిన చిన్న తరగతిలో దిగడం నామోషీ కాదు అక్కడ. మనకి మాత్రం ఎందుకు కావాలి?

సరే, ఇక పనిలోకి వద్దాం. మొట్టమొదట పన్ను చూడటం నేర్చుకోండి. పశువుకి ముందు పళ్ళు కింది దవడకే ఉంటాయి, మొత్తం ఎనిమిది. పై దవడకి గట్టి చిగురే తప్ప ముందు పళ్ళుండవు. పాలపళ్ళు చిన్నగా, తెల్లగా ఉంటాయి. వాటి స్థానంలో వచ్చేవి వెడల్పుగా, పలకల్లా ఉంటాయి. నడిమధ్య జంట ముందు మారుతుంది. అవి సుమారు రెండు, రెండున్నర ఏళ్ళకి వస్తాయి. మూడేళ్ళ ప్రాయంలో నాలుగు, మూడున్నర నుంచి నాలుగేళ్ళ మధ్య ఆరు, నాలుగున్నర నుంచి అయిదేళ్ళకి ఎనిమిదీ నిండుతాయి. మేతని బట్టి, జాతిని బట్టి కొన్ని నెలలు అటూ ఇటూ అవుతుంది.

ఇక్కడే ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. పన్ను కదిలితే వయసు వచ్చినట్టు కాదు. పాలపన్ను ఊడి కొత్తది పూర్తిగా లేచేదాకా పశువు సరిగ్గా మేయలేకపోవచ్చు. మేయలేని పశువుకి బలం ఎక్కడినుంచి వస్తుంది? మన పిల్లలకి పళ్ళు ఊడేటప్పుడు గారెలు పెడతామా, చెప్పండి! ఆ రోజుల్లో ఎంత పెద్ద బహుమతి ఉన్నా పేరివ్వొద్దు. జతలో ఒకదానికి పన్ను ముందు పడి, రెండోదానికి పడకపోతే ఏ విభాగం కిందికి వస్తుందో సమితివాళ్ళని ముందే అడగండి. పందెం పొద్దున పళ్ళు చూసేటప్పుడు తగాదా పడేకంటే అది మేలు.

అలాగే బండ బరువెంత, ఎన్ని నిమిషాల సమయం, ఎన్ని అడుగుల బాట, జతతో ఎంతమంది మనుషులు దిగొచ్చు, చర్నాకోల వాడనిస్తారా లేదా, ఈ అయిదూ అడిగి కాగితం మీద రాయించుకోండి. ఊరిని బట్టి ఇవి మారతాయి. ఆట మాత్రం ఒకటే. ఇచ్చిన సమయంలో బండని బాట ఈ చివరి నుంచి ఆ చివరికి, మళ్ళీ వెనక్కి లాగుతూ పోవాలి. మొత్తం ఎక్కువ అడుగులు లాగిన జత గెలిచినట్టు. అంటే ఒక్క ఊపులో గుంజే బలం చాలదు, మలుపు దగ్గర తొట్రుపడకుండా తిరిగే నేర్పు కావాలి. చాలా జతలు మలుపులోనే సమయం పోగొట్టుకుంటాయి. మావి కూలబడిందీ మలుపులోనే.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నా సలహా: మీ పశువుకి సరిపోయే విభాగాల్లో అన్నిటికన్నా చిన్నదాంట్లో కట్టండి. అది కూడా బరువనిపిస్తే కొన్నిచోట్ల అందాల పోటీలు, పశు ప్రదర్శనలు పెడతారు. అందులో బండ ఉండదు. ఒంగోలు జాతి లక్షణాలు చూస్తారు. పొట్టి కొమ్ములు, నిండు మూపురం, మడతలుగా జారే గంగడోలు, నల్లటి ముట్టె, నల్లటి కనురెప్పలు, తోక చివర నల్ల కుచ్చు. జనానికీ, మైకు చప్పుడుకీ, డప్పులకీ కోడెలు అలవాటు పడటానికి ఇంతకంటే మంచి దారి లేదు. మరుసటి ఏడు బండ దగ్గరికి పోవచ్చు.

తయారీ కనీసం రెండు మూడు నెలల ముందు మొదలు పెట్టాలి. పొద్దున చల్లని వేళ నడక, చెరువులో నీళ్ళున్న ఏడు ఈత, నాలుగైదు రోజులకి ఒకసారి తేలికపాటి బండ. లాగించిన మర్నాడు విశ్రాంతి. ఎలపటెద్దు ఎప్పుడూ ఎలపటే, దాపటెద్దు ఎప్పుడూ దాపటే. పక్క మార్చి కట్టి తికమక పెట్టకూడదు.

ఇదంతా మగవాళ్ళు చూసుకునేదే. మనం చూడాల్సింది ఇంకోటుంది. కాడి దించగానే మెడ మీద అరచేయి పెట్టి తడమండి. వేడిగా ఉన్నా, మెత్తగా వాచినా, చెయ్యి వెయ్యగానే పశువు చర్మం విదిలించినా, అది తగ్గేదాకా కాడి మెడ మీద పడకూడదు. గిట్టల మధ్య రాయి, పగులు ఉందేమో చూడండి. పేడ పలచబడిందా, నెమరు వేస్తోందా గమనించండి. మా ఇంట్లో పిల్లల పాత మార్కాపురం పలక ఒకటుంది. దాన్ని కొట్టం గుంజకి తగిలించాను. ఏ పూట ఎంత తిన్నాయి, మెడ ఎట్టా ఉంది, ఏ రోజు బండ కట్టారు, అంతా సుద్దతో దాని మీద రాస్తాను. మొదట్లో మా మరిది నవ్వాడు. ఇప్పుడు బండ కట్టే ముందు తనే వచ్చి పలక చూస్తున్నాడు!

మేత సంగతి. పందెం దగ్గర పడుతోందని ఒక్కసారిగా ఉలవలు, చెక్క, గుడ్లు పోసేస్తారు కొందరు. అలా చేస్తే కడుపులో పులుపు పెరిగి, పశువు మేత మానేసి పడిపోతుంది. ప్రాణం మీదికి కూడా వస్తుంది. కొత్త దాణా ఏదైనా గుప్పెడుతో మొదలుపెట్టి రెండు వారాల్లో పెంచుకుంటూ పోవాలి. చొప్ప, పచ్చిమేత తగ్గించకూడదు. పందెం రోజున బండకి కట్టే ముందు కడుపు నిండా మేత పెట్టకూడదు.

మరి ఉలవలు ఉడికించిన ఇంట్లో ఉలవచారు లేకపోతే ఎట్టా? గింజ ఎద్దుకి, కట్టు మనిషికి అన్నది పాత లెక్కే కదా. అర కిలో ఉలవల్ని రాళ్ళేరి, కడిగి, రాత్రే నానబెట్టండి. పొద్దున అయిదు లీటర్ల నీళ్ళు పోసి, ఉప్పూ కారం ఏమీ వెయ్యకుండా సన్నటి మంట మీద గింజ మెదిగేదాకా ఉడికించండి. నీరు వంచుకుని, గింజలు చల్లారాక దాణాలో కలపండి. వంచిన నీటిలో నిమ్మకాయంత చింతపండు రసం, చీల్చిన పచ్చిమిరపకాయలు, ఉల్లిపాయ ముక్కలు, చిటికెడు పసుపు, ఉప్పు, కారం, చిన్న బెల్లం ముక్క వేసి చిక్కబడేదాకా మరిగించండి. ఆవాలు, జీలకర్ర, వెల్లుల్లి, ఎండుమిర్చి, కరివేపాకుతో తాలింపు పెట్టండి. వేడన్నంలోకి మీద ఒక చెంచా మీగడ! జొన్నరొట్టెలోకీ బాగుంటుంది. పందెం రోజున మూత గట్టిగా ఉన్న గిన్నెలో పోసి పంపితే చెట్టుకింద అందరికీ సరిపోతుంది.

పందేనికి ముందే పశువుల ఆసుపత్రిలో చూపించి, గాలికుంటు టీకా పడిందో లేదో కనుక్కోండి. పదిచోట్ల నుంచి పశువులు వచ్చే చోటు అది. ఒకదాని జబ్బు ఇంకోదానికి అంటుకోవడానికి ఎంతసేపు? ఆపదలో పిలవడానికి 1962 అన్న నంబరు గోడ మీద రాసుకోండి. పశువుల సంచార వైద్య వాహనానికి ఆ నంబరే. ఇక సారా పోయడం, సూదులు వేయించడం, ముల్లుకర్రతో పొడవడం, వీటి జోలికి మీ ఇంటి మగవాళ్ళని పోనివ్వకండి. పాపం సంగతి అటుంచితే, 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం అది నేరం కూడా.

బండి మీద ఇంటి నీళ్ళ డ్రమ్ము, చొప్ప మోపు, నీడకి ఒక పట్టా, మెడకి మెత్తటి పాతగుడ్డ, పసుపు, తడిపిన గోనెపట్టా తప్పకుండా పెట్టండి. మన దగ్గర ఉగాది నాటికే ఎండలు ఎట్టా ఉంటాయో నేను చెప్పాలా? చీటీలు తీసి వరస చెబుతారు గనుక మీ వంతు మిట్టమధ్యాహ్నం పడొచ్చు. లాగి వచ్చాక వెంటనే తొట్టి ముందు నిలబెట్టకుండా నెమ్మదిగా నడిపించి, నీడకి తెచ్చి, కొద్దికొద్దిగా నీళ్ళు పెట్టండి.

ఇన్నీ చెప్పాక, అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటి మిగిలింది. ఆపమనే మాట ఎవరిదో ఇంట్లోనే తేల్చుకుని బయలుదేరండి. అక్కడ మైకు అరుస్తుంటుంది. జనం ఈలలు వేస్తుంటారు. పగ్గం పట్టినవాడికి అడుగుల లెక్క తప్ప ఇంకోటి కనిపించదు. నాలిక బయటికి వేలాడుతున్నా, నోటి వెంట నురగ కారుతున్నా, వెనక కాళ్ళు వణుకుతున్నా, ఒకసారి మోకాళ్ళ మీద పడినా ఇక ఆపాల్సిందే. ఆ మాట జనంలో పౌరుషం లేని ఒక మనిషి చేతిలో ఉండాలి.

మా ఎడ్లు కోలుకున్నాక, నిరుడు మళ్ళీ పోటీ మాట వచ్చింది. దాపటిదానికి ఎనిమిది పళ్ళూ నిండాయి. జబ్బ నయమైందని డాక్టరుగారు చెప్పారు. ఈసారి నేను నోరు మూసుకోలేదు. రెండు షరతులు పెట్టాను. ఒకటి, నిండు పళ్ళ ఎడ్లకున్న వాటిలో తక్కువ బరువున్న విభాగంలోనే కట్టాలి. రెండు, ఆపమనే మాట నాది. మావారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే పేరు కూడా నీదే ఇద్దాంలే" అన్నారు. వెటకారమో, మెచ్చుకోలో ఇప్పటికీ నాకు తెలీదు! రాసుకునే అబ్బాయి నా పేరు విని తలెత్తి చూశాడు గానీ, రాసుకున్నాడు.

బాట పక్కన తాడు పట్టుకుని నిలబడ్డాను. మా ఎడ్లు చక్కగా మలుపులు తిరిగాయి. ఇంకా మూడు నిమిషాలు ఉందనగా దాపటెద్దు వెనక కాళ్ళు సన్నగా వణకడం చూశాను. ఇంకెవరికీ కనపడి ఉండదు. రోజూ ఆ కాళ్ళ కింద పేడ తీసేదాన్ని, నాకు కనపడింది. కొంగు పైకెత్తాను. మావారు ఒక్క క్షణం నా వంక చూశారు. ఆ క్షణం నాకు ఏడాదంత పొడుగనిపించింది. తర్వాత పగ్గాలు లాగి, ఎడ్లని నిలబెట్టేశారు.

జనంలో "అయ్యో, ఇంకా సమయం ఉందిగా" అన్నారు. ఎవరో నవ్వారు కూడా. మాకు బహుమతి రాలేదు. బాధ పడలేదా అంటే పడ్డాను. లేదంటే అబద్ధమవుతుంది. ఇంటికొచ్చేదాకా మా ఇద్దరికీ మాటల్లేవు. రాత్రి చొప్ప వేయడానికి కొట్టంలోకి వెళితే, దాపటెద్దు రెండు పక్కలా నములుతూ తొట్టి అడుగు దాకా తినేసింది. మావారు లాంతరు పట్టుకుని వెనకే వచ్చారు. దాని జబ్బ తడిమి చూసి, "పలక మీద రాయి, కడుపు నిండా తిన్నదని" అన్నారు.

చెల్లెమ్మా, ఇదే నీకు నా జవాబు. కట్టాలా ఒద్దా అని నువ్వు తల పట్టుకోనక్కర్లేదు. రేపు పొద్దున మేత వేసేటప్పుడు కోడెల కింది పెదవి తీసి పళ్ళు చూడు. మెడ మీద చెయ్యి వెయ్యి. నీకేం తెలిసిందో అది మీ ఆయనకి, అత్తకి ఒక్కచోట కూర్చోబెట్టి చెప్పు. నీకు మేత వేసే చెయ్యి ఉందంటే, మాట చెప్పే హక్కూ ఉన్నట్టే. పోటీ అయ్యాక ఎన్ని అడుగులు లాగాయో రాయకపోయినా ఫర్వాలేదు. ఆ రాత్రి తిన్నాయా లేదా, అది మాత్రం రాయి.

వచ్చే వారం చింతచిగురు పొడి తప్పకుండా! ఈలోగా చిగురు కోసి, నీడన ఆరబెట్టి ఉంచండి.